చీల్చి పారేయడానికే చేసే బొమ్మలు

పెట్ షాపులో చిలక బొమ్మ అని అమ్మేదాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. నాలుగు రంగుల చెక్క ముక్కలు, మధ్యలో ప్లాస్టిక్ పూసలు, కింద ఒక గజ్జె, పైన తళతళలాడే కొక్కెం. ధర నాలుగైదు వందలు. ఆ రంగు ఏమిటో ఎక్కడా రాసి ఉండదు, కొక్కెం ఏ లోహమో షాపు అబ్బాయికి తెలీదు. మా చిలక జాంగ్రీ దాన్ని రెండు పూటల్లో పుల్లలు పుల్లలు చేస్తుంది. ఆ మాత్రం దానికి మనమే చేసిస్తే ఏం పోయిందని మొదలుపెట్టాను. ఇప్పుడు విజయవాడలో ఎవరింట్లో పెళ్ళి పందిరి విప్పుతున్నా నా చూపు ఆ తాటాకుల మీదే.

జాంగ్రీ సన్ కనూర్ జాతి పిట్ట. వీటి సొంతూరు దక్షిణ అమెరికా ఈశాన్య కొస. ఒళ్ళంతా పసుపు, మొహం మీదా పొట్ట మీదా నారింజ, అందుకే ఆ పేరు. తోకతో కలిపి అడుగు పొడవు, బరువు నూరు నూటఇరవై గ్రాములు, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినిపిస్తుంది. రామచిలకని పెంచుకోవచ్చా అని అందరూ అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తున్నా: పెంచకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన చిలకల్ని పంజరంలో పెట్టడం నేరం. కనూర్‌కీ కాగితాలు కావాలి, మాది కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాం.

అడవిలో చిలకకి రోజులో చాలా భాగం తిండి వెతుక్కోవడంతోనే సరిపోతుంది. చెట్టూ చెట్టూ తిరగాలి, కాయ వలవాలి, గింజ పగలగొట్టాలి. మనమేమో గిన్నెలో పోసేస్తాం, పావుగంటలో ఖాళీ. మిగతా రోజంతా ఆ ముక్కుకి పనేదీ? అది కిటికీ చెక్క మీదకో, మన చెవిపోగుల మీదకో, చివరికి తన ఈకల మీదకో పోతుంది. ఈకలు పీక్కోవడం ఒకసారి అలవాటైందంటే మాన్పించడం మహా కష్టం. అందుకని బొమ్మ ఎక్కువ రోజులు రావాలనే లెక్క చిలక దగ్గర పనికిరాదు. తెగని బొమ్మతో దానికేం పని? మనం చూసుకోవాల్సిందల్లా ఆ తెగిన ముక్క నోట్లోకి పోయినా హాని చేయకుండా ఉండటం, ఆ బొమ్మలో కాలో మెడో ఇరుక్కోకుండా ఉండటం.

మా ఇంట్లో మొదటి పీట తాటాకుది. మా అత్తగారిది తెనాలి వైపు. చిన్నప్పుడు తాటాకుతో గిలకలు, బుట్టలు, చిలకలు అల్లిన చెయ్యి. ఆవిడ కూర్చుని రెండు రెబ్బలు మడిచి, అటూ ఇటూ దూర్చి, కొస వంచి ముక్కు తిప్పారంటే అయిదు నిమిషాల్లో చిలక తయారు. ఆకు పచ్చిగా ఉన్నప్పుడే అల్లాలి, ఎండితే విరుగుతుంది. మట్ట వద్దు, దాని అంచు కరుకు చెయ్యే కోస్తుంది, ఇక చిలక నాలుక ఎంత. రెబ్బలు మాత్రం కోసుకుని కడిగి, తడి పోయేవరకే నీడన ఆరబెట్టి, అప్పుడు అల్లకం. రంగు వేసిన చాపల ఆకు వాడొద్దు.

జాంగ్రీ దాన్ని ఎడమ కాలితో పట్టుకుంటుంది, ఎప్పుడూ ఎడమే. ముందు రెండు వేళ్ళు, వెనక రెండు వేళ్ళు. తోక దగ్గరా మొదలుపెట్టదు, తల దగ్గరా కాదు, సరిగ్గా ఆకు కొస లోపలికి దోపిన మడత ఎక్కడుందో వెతుక్కుంటుంది. ఆ కొసని పైముక్కుతో లేపి, నల్లటి నాలుకతో ఓసారి తడిమి, ఒక్క లాగు. ఆకు నిలువునా సర్రుమని చీలుతుంది. ఆ చప్పుడుకి దాని కంటిపాపలు చిన్నవై, పెద్దవై, మళ్ళీ చిన్నవవుతాయి. చీలిన పీలికని ముక్కులో ఈ చివర నుంచి ఆ చివరిదాకా నడిపించి, నమిలి, కింద పడేసి, ఎక్కడ పడిందో తొంగి చూసి, ఇంకోటి అందుకుంటుంది. "నేను చిలకని చేసిస్తుంటే అది చిలకని చంపుతోందేమే" అని అత్తయ్య మొదట్లో నొచ్చుకునేవారు. ఇప్పుడు ఆవిడే మడతల్లో కొర్ర కంకి ముక్క దాచిపెట్టి మరీ అల్లుతున్నారు.

కొర్ర కంకి అంటే గుర్తొచ్చింది. పెట్ షాపుల్లో మిల్లెట్ స్ప్రే అని ప్యాకెట్లో పెట్టి అమ్మేది అదే. అనంతపురం, కర్నూలు వైపు చుట్టాలుంటే కోతలప్పుడు గుప్పెడు కంకులు అడిగి తెచ్చుకోండి, మందు కొట్టని చేనైతే మరీ మంచిది. పొద్దుతిరుగుడు గింజలు దాచేకంటే ఇదే నయం, వాటిలో కొవ్వెక్కువ.

ఇక కొబ్బరి చిప్ప. కొబ్బరికాయకి మూడు కళ్ళున్నా అందులో ఒకటే మెత్తన, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగిపోతుంది. వేలాడదీయడానికి ఆ కన్ను చాలు. పక్కన ఇంకో బెజ్జం కావాలంటే డ్రిల్. కొంతమంది చువ్వ ఎర్రగా కాల్చి పెడతారు. అలా చేసేట్టయితే డాబా మీద చేయండి, పక్షి ఊపిరితిత్తులు పొగకి అస్సలు ఆగవు. మా వంటింట్లో నాన్‌స్టిక్ పెనం లేకపోవడానికి కూడా కారణం అదే, అది బాగా వేడెక్కితే వచ్చే ఆవిరి పక్షిని నిమిషాల్లో చంపగలదు. చిప్పలో కొబ్బరి ఒక్క పొర కూడా మిగలకుండా గీకి, కడిగి, ఎండలో పెట్టాలి. కొబ్బరి మిగిలితే బూజు పడుతుంది. ఆ బూజు పీల్చి ఊపిరితిత్తుల జబ్బు తెచ్చుకోవడం చిలకలకి మామూలే. మే నెల బెజవాడ ఎండ దేనికైనా పనికొచ్చిందంటే చిప్పలు ఆరబెట్టడానికే. వానాకాలం నేను చిప్పల జోలికి పోను.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త పడాల్సింది తాటాకు దగ్గరో చిప్ప దగ్గరో కాదు, వాటిని వేలాడదీసే తీగ దగ్గర. హార్డ్‌వేర్ కొట్లో తీగ అడగగానే ఇచ్చేది జీఐ వైరు. ఇనుము మీద జింకు పూత. చిలక ముక్కు ఆ పూతని గీకేస్తుంది, అది కడుపులోకి పోతుంది. జింకు విషం ఎక్కిన పక్షి నీరసపడి, తిన్నది కక్కి, నీళ్ళ విరేచనాలతో పడిపోతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. సీసం ఇంకా ఘోరం, టంకం వేసిన అతుకుల్లో, చౌక పూసల్లో ఉండొచ్చు. నేను వన్‌టౌన్‌లో అడిగి స్టెయిన్‌లెస్ స్టీలు తీగా, కొక్కేలే తెచ్చుకుంటాను. "అయస్కాంతం పెట్టి చూస్తే తెలిసిపోతుంది కదా" అంటారు మా ఆయన. సగమే తెలుస్తుంది. జీఐ తీగకి అంటుకుంటుంది, నిజమే. అంటుకోకపోతే మాత్రం అది స్టీలేనని కాదు, ఇత్తడికీ అంటుకోదు, ఒట్టి జింకుకీ అంటుకోదు.

ఇత్తడిలో ఉండేది రాగీ జింకే. కాబట్టి గజ్జెలు వద్దు. మా పిన్నిగారు ముచ్చటపడి జాంగ్రీకి ఒక వరస గజ్జెలు తెచ్చారు, పట్టీలకి కుట్టే రకం. లోహం సంగతి అలా ఉంచండి, ఆ గజ్జెకుండే చీలిక ఉంది చూశారూ, సరిగ్గా చిలక గోరు దూరి, తిరిగి రానంత. ముక్కు కొస కూడా ఇరుక్కుంటుంది. అవి ఇప్పుడు మా తాళంచెవుల గుత్తికి ఉన్నాయి, పిన్నిగారికి కోపమేం రాలేదు.

రింగులకీ ఇదే లెక్క. తల అసలు దూరకూడదు, లేదా ఒళ్ళంతా సుఖంగా దూరి బయటికొచ్చేయాలి. తల మాత్రమే దూరే సైజు ప్రాణాంతకం. తాడు సంగతీ అంతే, పొడుగ్గా వేలాడితే మెడకి చుట్టుకుంటుంది, ఉచ్చులా ముడి వేయకూడదు. నూలు తాడు నాకు నచ్చదు. నమిలిన కొద్దీ సన్నటి పోగులొచ్చి వేళ్ళకి బిగుసుకుంటాయి, మింగితే గొంతు సంచిలో ఉండ కడతాయి. పురికొస వాసన చూడండి, కిరసనాయిలు లాంటి నూనె వాసన కొడుతుంది. జనపనారకి మిల్లులో నూనె పట్టిస్తారు కాబట్టి ఆ వాసన. నేను వాడేది కొబ్బరి పీచు తాడు, అదీ జానెడు ముక్కలే. రోజూ రాత్రి పంజరం మీద గుడ్డ కప్పే ముందు, రేగిన పీచు ఉంటే కత్తెరతో కత్తిరిస్తాను.

కొమ్మల్లో వేప, జామ, మునగ. మునగైతే ఆకుతో సహా తినేస్తుంది. గన్నేరు, పచ్చగన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త ఇంటి దరిదాపుల్లోకి కూడా రానివ్వను. ప్లైవుడ్‌లో జిగురు ఉంటుంది, వద్దు. కాగితమైతే తెల్ల కాగితం, అట్ట. సూపర్‌మార్కెట్ బిల్లు కాగితం మాత్రం వద్దు, దాని మీద రసాయనపు పూత ఉంటుంది. అడ్డాకు విస్తరి బ్రహ్మాండంగా పనికొస్తుంది, కుట్టిన పుల్లలు ఏరేయండి. ఇప్పుడు మిషన్ మీద నొక్కినవాటికి వెనక ప్లాస్టిక్ పొర అతికిస్తున్నారు, అది కాకుండా చూసుకోవాలి. రంగు కావాలంటే బీట్‌రూట్ రసం, పసుపు నీళ్ళు చాలు. కొండపల్లి బొమ్మ ముద్దుగా ఉందని వేలాడదీసేరు, దాని రంగు మన షోకేసు కోసం.

ఒకటి మాత్రం ఓపిగ్గా చేయాలి. కొత్త బొమ్మని నేరుగా పంజరంలో పెట్టకండి, బెదిరిపోతుంది. మేం ముందు సోఫా చేతి మీద పెడతాం. అత్తయ్య దాన్ని తీసుకుని కాసేపు తనే ఆడుకున్నట్టు పీకుతుంటారు. ఎదుటివాళ్ళ చేతిలో ఉన్నది తనకి కావాలనిపించాక ఇక ఆగదు, ఎగిరొచ్చి లాక్కుంటుంది.

ఈ వారం తాటాకు నిండుకుంది. ఆదివారం వస్తూ తెనాలి నుంచి తెస్తానని అత్తయ్య తమ్ముడు ఫోన్ చేశారు. మట్టలు వద్దు బాబాయ్, రెబ్బలే తెండి అని రెండుసార్లు చెప్పాను. అయినా మట్టలతో సహా తెస్తారు, ఆయన సంగతి నాకు తెలుసు.