పెడల్ బరువెక్కితే దిగిపోవాలి
రాత్రంతా వాన కురిసింది. పొద్దున్నే సైకిళ్ల మీద మట్టిరోడ్డు ఎక్కాం. పైకి గట్టిగానే కనిపించింది కానీ, రెండు వందల మీటర్లు వెళ్లామో లేదో పెడల్ బరువెక్కింది. ఎదురుగాలి కాబోలనుకుని ఇంకా గట్టిగా తొక్కాను. వెనక నుంచి నా స్నేహితుడు "తొక్కకురా, దిగు!" అని అరిచేలోపే టక్‌మని శబ్దం. చైన్‌ని ఒక గేర్ నుంచి ఇంకో గేర్‌కి మార్చే డిరేలర్ వంగి వెనక చక్రం స్పోకుల్లో ఇరుక్కుంది.

డిరేలర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్కని హ్యాంగర్ అంటారు. దెబ్బ తగిలితే ఫ్రేమ్‌కి ఏమీ కాకుండా తనే వంగేలా దాన్ని కాస్త మెత్తగా చేస్తారు. ఫ్రేమ్‌ని బట్టి దాని ఆకారం మారుతుంది కాబట్టి అన్నిచోట్లా దొరకదు. ఆ రోజు నా దగ్గర స్పేర్ లేదు. డిరేలర్ తీసేసి, చైన్ పొట్టిగా కోసి, ఒకే గేర్‌తో బయటపడేసరికి చీకటి పడింది. ఇప్పుడు సీటు కింద సంచిలో ఒక హ్యాంగర్ ఎప్పుడూ ఉంటుంది.

బంకమట్టితో వచ్చే చిక్కు జారడం ఒక్కటే కాదు. టైరుకి అంటిన మట్టి మీద ఇంకో పొర, దాని మీద గడ్డి, చిన్న రాళ్లు చేరి, ఫ్రేమ్‌కీ టైరుకీ మధ్య ఉన్న కాస్త సందునీ పూడ్చేస్తాయి. చక్రం అంచుని (రిమ్‌ని) పట్టి ఆపే రిమ్ బ్రేకులైతే మట్టి ఇంకా త్వరగా పట్టేస్తుంది. తారురోడ్డు మీద వానలో ఎంతో మేలు చేసే మడ్‌గార్డు ఇక్కడ ప్రమాదం. ముందు చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోతే మనిషి హ్యాండిల్ మీంచి ఎగిరి పడతాడు. అందుకే అలాంటి రోడ్డు వస్తోందంటే మడ్‌గార్డులు ముందే విప్పేసి క్యారియర్‌కి కట్టేస్తాను.

పెడల్ కాస్త బరువనిపించగానే దిగి, చెక్కపుల్లతో మట్టి గీకి, రోడ్డు అంచున గడ్డి మీద నడిపించుకుంటూ వెళ్తాను. అదీ కుదరకపోతే బ్యాగులు విప్పి ముందు వాటిని, తర్వాత సైకిల్‌ని మోస్తాను. ఒకసారి నాలుగు కిలోమీటర్లకు మూడు గంటలు పట్టింది. అయినా ఆ రోజు ఏదీ విరగలేదు, అది నాకు చాలా సంతోషం.

గతుకుల రోడ్డు సంగతి వేరు. అక్కడ టైర్లలో గాలి తగ్గిస్తే చేతులకీ నడుముకీ హాయి. నా 45 మిల్లీమీటర్ల టైర్లకి లగేజీతో 50 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉంచుతాను, కంకర మీద 38 దాకా దించుతాను. మరీ తగ్గిస్తే రాయికీ రిమ్‌కీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. అదురుకి క్యారియర్ బోల్టులు వదులవుతాయి కాబట్టి రోజూ సాయంత్రం అలెన్ కీతో ఒక్కొక్కటీ బిగించి చూస్తాను.

సైకిల్‌ని రాత్రి అలాగే ఆరనిస్తే పొద్దుటికి మట్టి పెచ్చులుగా రాలిపోతుంది. పైపుతో జోరుగా నీళ్లు కొట్టను, ఇసుక బేరింగుల్లోకి పోతుంది. చైన్ మాత్రం గుడ్డతో తుడిచి నూనె వేయాల్సిందే.

రేపటి దారిలో 18 కిలోమీటర్లు మట్టిరోడ్డే. ఇప్పుడే చినుకులు మొదలయ్యాయి. మడ్‌గార్డులు విప్పేశాను, చెక్కపుల్ల హ్యాండిల్ బ్యాగులో పెట్టుకున్నాను.