కొత్త ఇంట్లో మా వాళ్ల ఆనవాళ్లు

నల్లగొండలో మేము కట్టుకున్న ఇల్లు గృహప్రవేశం నాటికి ఏ లోపమూ లేని ఇల్లే. గోడలు నిటారుగా ఉన్నాయి, తలుపులు చక్కగా పడుతున్నాయి, స్లాబు మీద నీళ్లు నిలవడం లేదు. అయితే ఆ ఏడాది మా వీధిలో లేచిన ఇళ్లన్నింటిలోనూ అవే తెల్లని టైల్స్, అదే జిప్సం ఫాల్స్ సీలింగ్, అదే బూడిదరంగు గోడ కనిపించేవి. మునుగోడు వైపు పల్లెలో పెరిగిన మాకు, ముఖ్యంగా మా అత్తమ్మకు, మా వాళ్లు బతికిన తీరును గుర్తుచేసేది ఆ ఇంట్లో ఒక్కటీ లేదు. అంగట్లో దొరికే అలంకరణ సామాను తెచ్చి గోడలు నింపకూడదని, తెచ్చే ప్రతి వస్తువుకూ మా కుటుంబంతోనో మా నేలతోనో సంబంధం ఉండాలని, అది ఇంట్లో ఏదో ఒక పనికి రావాలని నేనూ మా ఆయనా ముందే అనుకున్నాం.

గోడల విషయంలో తొందరపడలేదు. కొత్త ప్లాస్టరింగులో తేమ చాలాకాలం ఉంటుంది. అది ఆరకముందే మంచి రంగులు వేస్తే ఉప్పు పైకి వచ్చి పెచ్చులు లేస్తాయి. అందుకని సున్నంతో సరిపెట్టి, ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచేదాకా ఆగాం. ఆ వ్యవధిలో ఏ గదిలోకి ఏ వేళ ఎండ వస్తుందో, ఎవరు ఎక్కడ కూర్చోవడానికి ఇష్టపడుతున్నారో మాకు బాగా తెలిసింది. హాలు పడమటి గోడ మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా వేడెక్కి ఉంటుందని, అత్తమ్మ రోజంతా ముందు వరండాలోనే గడుపుతుందని గమనించాకే మిగతా నిర్ణయాలు జరిగాయి.

అన్నింటికన్నా ఎక్కువ శ్రమ తీసుకున్నది పాత దర్వాజ. ఊళ్లో మా మామగారి పెంకుటిల్లు కూలినప్పుడు దూలాలు, వాసాలు, దర్వాజలు అన్నదమ్ములు పంచుకోగా మా వంతుకు టేకు దర్వాజ ఒకటి, దాని తలుపు రెక్కలు వచ్చాయి. అవి ఏళ్ల తరబడి పశువుల కొట్టంలో గోడకు ఆనించి ఉన్నాయి. దాన్ని వీధి గుమ్మానికి పెట్టాలని మా ఆయన కోరిక. వడ్రంగి పని చేసే వడ్లాయన టేపు పెట్టి కొలిచి, "అమ్మా, ఇది తల వంచి పోయే దర్వాజ. ముందట పెడితే బీరువ సుత లోపలికి రాదు" అన్నాడు. తల వంచి వెళ్లడం సబబుగా ఉండే చోటు ఇంట్లో పూజగది ఒక్కటే కాబట్టి దాన్ని అక్కడికి మార్చాం. ఆ గదికి వదిలిన ఖాళీ ఏడడుగుల ఎత్తు. పాత దర్వాజ పైన మిగిలిన జాగాలో అదే ఇంటి కిటికీ చువ్వలను చట్రంలో బిగించి అమర్చాడు. దీపం పొగ ఇప్పుడు ఆ చువ్వల గుండానే బయటికి పోతోంది.

పాత కలపతో పని చేయించుకునేవారు కొన్ని సంగతులు తెలుసుకోవాలి. మా దర్వాజ మీద నీలం, దాని కింద ఆకుపచ్చ, దాని కింద ఎరుపు ఎనామిల్ పొరలు ఉన్నాయి. ఇంటి రంగుల్లో సీసం పరిమితిని మన దేశంలో 2017లో గాని కఠినం చేయలేదు. అంతకు ముందటి ఎనామిల్‌ను పొడిగా ఉప్పుకాగితంతో రుద్దితే సీసం కలిసిన దుమ్ము లేచే ప్రమాదం ఉంది. మేము పిల్లలను దూరంగా ఉంచి, రంగు ఊడదీసే ద్రావకం పూసి, మెత్తబడ్డాక గీకించి, తడిపి రుద్దించాం. మొలలన్నీ వెతికి తీసేదాకా వడ్లాయన రందా యంత్రం ముట్టలేదు, ఎందుకంటే చెక్కలో దాగిన ఒక్క మొల చాలు బ్లేడు విరగడానికి. చెదలు తిన్న అడుగు భాగాన్ని కోసి కొత్త టేకు ముక్క అతికించాడు. ఆ అతుకును రంగుతో కప్పవద్దని నేనే పట్టుబట్టాను. చివరికి అవిసె నూనె పట్టించాం. గొళ్లెం, గడియ పాతవే. గడప మాత్రం కొత్తది, దానికి అత్తమ్మ పసుపు రాసి బొట్లు పెట్టిన రోజున ఈ దర్వాజ మళ్లీ మా ఇంటిదైందని నాకు అనిపించింది.

వరండాకు తాండూరు బండలు వేయించాం. హాలు టైల్స్ బాగానే ఉన్నందున వాటిని పగలగొట్టి డబ్బు వృథా చేయడం నాకు ఇష్టం లేదు, కానీ అత్తమ్మ కూర్చునే చోట కాళ్లకు చల్లగా తగిలే బండ ఉండాలి. నీలి రకంలో నునుపు తక్కువగా ఉన్నవి ఎంచుకున్నాం, తడిసినా కాలు జారదని. ఈ బండ సున్నపురాయి జాతిది. నిమ్మరసం, చింతపండు పులుసు, బాత్రూం కడిగే యాసిడ్ తగిలితే మచ్చ పడిపోతుంది. అందుకే వంటింటి గట్టు మీదికి దాన్ని రానివ్వలేదు, అక్కడ నల్ల గ్రానైటే ఉంది. బండలు పరిచాక సిమెంటు మరకలు యాసిడ్‌తో కడుగుతామని సుతారులు అంటారు, దానికి ఒప్పుకోకూడదు.

గోడల్లో దీపపు గూళ్లు పెట్టించాలన్న ఆశ మాత్రం తీరలేదు. పాత మట్టిగోడల మందం వేరు. మా లోపలి గోడలు నాలుగున్నర అంగుళాలవి, వాటిని తొలిచే వీలు లేదు. మిగిలిన బండ ముక్కలను పలకలుగా కోయించి, గోడలోకి ఇనుప ఊతాలు దించి, వాటి మీద దీపాలు పెట్టుకుంటున్నాం.

బట్టల విషయానికి వస్తే, ఇది నాకు మనసుకు బాగా దగ్గరైన భాగం. నేతకు పేరుపడ్డ పుట్టపాక, పోచంపల్లి 2016లో యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వెళ్లినా మాకు అవి నల్లగొండ ఊళ్లే. పుట్టపాకలో నేసే తేలియా రుమాలు అనే ఇక్కత్ గుడ్డకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నూలును నూనెలోనూ, ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్లలోనూ రోజుల తరబడి నానబెట్టి ఆరబెట్టి, నిలువు పోగులకూ అడ్డపోగులకూ విడివిడిగా ముడులు కట్టి రంగులద్ది, నేసేటప్పుడు రెండింటి బొమ్మలనూ కలుపుతారు. ఆముదం పండే మా మెట్టనేలల ఇంట్లో ఆ గుడ్డ ఉండడం న్యాయమనిపించింది. నేతగాళ్ల ఇంట్లో ఆసు యంత్రాన్ని, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ అటూఇటూ తిప్పే యంత్రాన్ని చూశాం. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం తన తల్లి పడే బాధ చూడలేక తయారుచేసిన యంత్రం అది, ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. ఒకప్పుడు ఆ పనంతా ఆడవాళ్ల భుజాల మీదే సాగేదని ఆ ఇంటావిడ చెప్పాక మేము ధర గురించి బేరమాడలేదు.

రుమాలును అద్దానికి అంటుకోకుండా, మధ్య ఖాళీ ఉండేలా చట్రం కట్టించాలి. అంటుకుంటే తేమ చేరి బూజు పడుతుంది. జిగురుతో అతికించకుండా వెనుక నూలు గుడ్డకు సన్నని కుట్లతో కుట్టించి, తూర్పు గదిలో ఎండ తగలని గోడకు పెట్టాం. పడమటి కిటికీలకు ఇక్కత్ పరదాలే వేశాం గాని, ఎండకు రంగు వెలవకుండా వెనుక మందపాటి తెల్ల నూలు గుడ్డ వేసి కుట్టించాం. ఆ గుడ్డ వల్ల హాలులో వేడి కూడా కొంత తగ్గింది.

అత్తమ్మ పెళ్లినాటి గద్వాల చీర నూలు ఒడలంతా చిరిగిపోయింది, పట్టు అంచూ కొంగూ మాత్రం గట్టిగా ఉన్నాయి. వాటిని కత్తిరించడానికి ఆమె చాలా రోజులు ఒప్పుకోలేదు, నేనూ అడగడం మానుకున్నాను. తర్వాత ఒకనాడు తానే తెచ్చి ఇచ్చింది. అంచును పూజగది పరదాకు, కొంగును దివాను దిండ్ల గలేబులకు వాడాం. నూలూ పట్టూ ఒకేలా కుంచించుకుపోవు కాబట్టి వీటిని ఇంట్లో ఉతకడం లేదు.

ఇంటి ముందు జాగాను కారుకు వదలాలని ఇంజినీరు సూచించినా మేము ఒప్పుకోలేదు. బతుకమ్మ నాడు వాడకట్టు ఆడవాళ్లు చుట్టూ తిరిగి ఆడడానికి ఆ చోటు కావాలి. అక్కడ సిమెంటు పోయించకుండా మట్టిని దిమ్మిస చేయించి, పేడనీళ్ల సాన్పి చల్లడానికి వీలుగా ఉంచాం. ప్రహరీ వెంట మల్లె, నందివర్ధనం, ఒక మూల బాలానగర్ రకం సీతాఫలం నాటాం. మహబూబ్‌నగర్ వైపు గుట్టల్లో పెరిగే చెట్టు కాబట్టి మా రాతినేలలో దానికి పెద్దగా నీళ్లు పోయనక్కర లేదు. మేడ మీది గది ఇంకా ఖాళీగానే ఉంది. అది మా అమ్మాయిది, ఏం కావాలో ఆమె ఇష్టం.