నవల, నోటుపుస్తకాలు, మరమ్మతు పద్దు: పన్నెండు వారాల చిట్టా

పగటిపూట నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ తెరల మీద కనిపించే మాటలనూ, వాటికి తోడుగా వచ్చే వాడుక సూచనలనూ తెలుగులోకి తేవడం. తెల్లవారుజామున ఒక నవల రాస్తున్నాను. ఆదివారాలు నోటుపుస్తకాలు కుట్టుకుంటున్నాను. నవల రెండేళ్లుగా నలభయ్యో పేజీ దగ్గరే నిలిచిపోవడానికి ఉద్యోగమే కారణమని అడిగిన వాళ్లకూ అడగని వాళ్లకూ చెబుతూ వచ్చాను. ఆ మాటలో నిజమెంతో తేల్చుకుందామని, ఏ పనికి ఎన్ని నిమిషాలు పోతున్నాయో పన్నెండు వారాల పాటు రాసి పెట్టుకున్నాను. ఇది ఆ లెక్క.

రాసే పద్ధతి చాలా సాదా. రోజుకొక పేజీ, అందులో మూడు గళ్లు: కూర్చున్న సమయం, లేచిన సమయం, చేసిన పని. మొదటి వారం దీన్ని రాత్రి పడుకోబోయే ముందు జ్ఞాపకం మీద నింపాను. ఆ లెక్క ప్రకారం నేను రోజూ దాదాపు రెండు గంటలు నవల రాస్తున్న మనిషిని. ఎనిమిదో రోజు అనుమానం వచ్చి కుర్చీలోంచి లేచిన ప్రతిసారీ గడియారం చూసి రాస్తే, ఆ రెండు గంటలు గంటా పావుగా తేలాయి. మొదటి వారం పేజీలన్నీ అడ్డంగా కొట్టేసి, రాత్రిపూట పద్దు రాయకూడదని నియమం పెట్టుకున్నాను.

రెండు, మూడు వారాల అంకెలు చూశాక ఇబ్బంది పడవలసి వచ్చింది. ఉద్యోగం తన ఎనిమిది గంటలు తాను తీసుకుంటోంది, అంతకు మించి నా ఉదయాల జోలికి రావడం లేదు. రోజూ ఉదయం డెబ్బై అయిదు నిమిషాలు కూర్చుంటున్నా, అందులో కొత్త వాక్యం పుట్టిన సమయం సగటున ఇరవై ఎనిమిది నిమిషాలే. తక్కినదంతా టైపు తప్పులు దిద్దడం, నిన్నటి ఫైలు ఏదో వెతకడం, ఒక చోట నుంచి మరో చోటికి అతికించినప్పుడు చెదిరిన అక్షరాలను సరిచేయడం. ఈ పనులకు పద్దులో పేరు లేకపోవడం వల్ల అవన్నీ ‘నవల’ కిందికే పోతున్నాయి. నాలుగో గడి గీసి, దానికి ‘మరమ్మతు’ అని పేరు పెట్టాను.

మరమ్మతులో సింహభాగం ఒక కంటికి కనిపించని అక్షరానిది. నా నవలలో ప్రధాన పాత్ర టైప్‌రైటర్లు బాగుచేసే మనిషి కాబట్టి ఆ మాట అడుగడుగునా వస్తుంది. తెలుగులో పొల్లు హల్లు పక్కన మరో హల్లు వస్తే కంప్యూటర్ దాన్ని ఒత్తుగా మార్చేస్తుంది. అలా మార్చవద్దని చెప్పడానికి ఆ రెండింటి మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అక్షరాన్ని పెట్టాలి. అది తెర మీద కనిపించదు, చోటూ ఆక్రమించదు, కానీ అది లేకపోతే ‘టైప్‌రైటర్’ కాస్తా ‘టైప్రైటర్’ అయి కూర్చుంటుంది. ఫోనులో రాసుకున్న అధ్యాయాలను కంప్యూటర్లోకి తెచ్చినప్పుడు, మధ్యలో వాడిన ఒక నోట్స్ యాప్ ఈ అక్షరాలను ఏరిపారేసింది. నూట నలభై మూడు చోట్ల నా కథానాయకుడి వృత్తి మారిపోయింది.

దీనికి నేను చేసిన మొదటి వైద్యం రోగం కంటే ప్రమాదకరమైనది. ‘ప్రై’ అని ఉన్న ప్రతిచోటా ‘ప్‌రై’ అని మార్చమని ఒక్క ఆదేశం ఇచ్చి, సంతృప్తిగా లేచి వెళ్లిపోయాను. రెండు రోజుల తర్వాత చదువుకుంటూ ఉంటే ‘ప్‌రైవేటు’ ఉద్యోగి ఒకడు, ‘ప్‌రైమరీ’ పాఠశాల ఒకటి కనిపించాయి. వెతికి మార్చే పనిలో ముక్కను కాక మొత్తం మాటను ఇవ్వాలని, మార్చే ముందు ఎన్ని చోట్ల దొరికిందో ఆ సంఖ్యను చూడాలని అప్పుడు తెలిసివచ్చింది. ఇప్పుడు అలాంటి మాటలు ముప్పై ఆరింటితో ఒక జాబితా పెట్టుకున్నాను. టైపు పూర్తయిన అధ్యాయం మీద దాన్ని ఒక్కసారి నడిపిస్తే సరిపోతుంది. ‘వాళ్ళు’, ‘వాళ్లు’ అనే జంట కూడా అందులోనే ఉంది. రెండూ వాడుకలో ఉన్న రూపాలే అయినా, వెతికేటప్పుడు కంప్యూటర్‌కు ఒకటి వేరు, మరొకటి వేరు. నేను రెండో రూపాన్ని ఎంచుకున్నాను. కారణం అడిగితే చెప్పలేను, ఏదో ఒకదానికి కట్టుబడాలి కాబట్టి.

పాత కథల సంగతి ఇంతకంటే జటిలం. వేర్వేరు భాషల అక్షరాలకు కంప్యూటర్లో సంకేత సంఖ్యలు ఇచ్చే యూనికోడ్ ప్రమాణపు తొలి కూర్పులోనే, అంటే 1991లోనే, తెలుగుకు చోటు దొరికినా, అది మా బల్లల దాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఈ లోపల మేము వాడిన ఖతులలో, అంటే ఫాంట్లలో, ఇంగ్లీషు అక్షరాల గదుల్లోనే తెలుగు బొమ్మలు కూర్చోబెట్టి ఉండేవి. ఆ ఖతి ఉన్నంతవరకూ కథ కనిపిస్తుంది. అది లేని యంత్రంలో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల వరస మాత్రమే మిగులుతుంది. అలా చిక్కుకుపోయిన కథలు నావి ఎనిమిది ఉన్నాయి. మార్పిడి పరికరంతో రెండింటిని బయటికి తెచ్చాను కానీ, ఒత్తులు తమ హల్లును వదిలి పక్క హల్లు కిందికి చేరడంతో ఒక్కో కథను అక్షరం అక్షరం సరిచూడడానికి నాలుగు గంటలు పట్టింది. తక్కిన ఆరింటినీ నవల పూర్తయ్యే వరకు ముట్టుకోకూడదని నిర్ణయించాను. ఈ పన్నెండు వారాల్లో నేను చేసిన తెలివైన పనుల్లో, ఒక పనిని మానుకోవడం అనే ఇదీ ఒకటి.

ఉద్యోగం నా సమయం తినడం లేదని తేలింది కాబట్టి దానికి క్షమాపణ చెప్పుకుందామనుకునేలోగా, నాలుగో వారంలో మరో సంగతి బయటపడింది. పగలు నేను రాసే వాక్యాల్లో ఒక ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో ఎవరి పేరు వచ్చి పడుతుందో రాసేటప్పుడు తెలియదు. ఫలానా వారికి సందేశం వెళ్లిందని చెప్పాలి. ఇంగ్లీషులో పేరుకు ముందు ఒక చిన్న మాట పెడితే పని అయిపోతుంది, మనకు విభక్తి పేరు చివర చేరాలి. రవి అయితే ‘రవికి’, సీత అయితే ‘సీతకు’, రాముడు అయితే ‘రాముడికి’. ‘గారికి’ అని చేరిస్తే గండం గట్టెక్కుతుందని కొన్నాళ్లు సంబరపడ్డాను, ఆ ఖాళీలో ‘అకౌంట్స్ విభాగం’ వచ్చి పడి ‘అకౌంట్స్ విభాగం గారికి’ అయ్యేంతవరకు. చివరికి వాక్యాన్నే విరిచి, ‘సందేశం పంపబడింది. గ్రహీత:’ అని రాసి ఆ తర్వాత ఖాళీ వదలడం అలవాటైంది. దానికి తోడు అక్షరాల పరిమితి ఒకటి. ఇరవై అక్షరాలు దాటకూడదని చెప్పే వ్యవస్థ కంటికి కనిపించే అక్షరాలను లెక్కపెట్టదు. లోపలి సంకేతాలను లెక్కపెడుతుంది. ‘స్త్రీ’ అనేది మనకు ఒక్క అక్షరం. ఆ వ్యవస్థకు మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిపి ఆరు.

ఇలా రోజంతా విభక్తులను తప్పించుకు తిరిగిన చేయి తెల్లవారేసరికి మారిపోదు. నాలుగో వారం రాసిన అధ్యాయాన్ని పైకి చదివితే అందులో మూడు చోట్ల తలుపు ‘తెరవబడింది’, ఒక చోట దీపం ‘ఆర్పబడింది’. ఎవరు తెరిచారో, ఎవరు ఆర్పారో చెప్పడానికి నేనే జంకినట్టు ఉంది. ఉద్యోగం నా నవల నుంచి గంటలను కాదు, కర్తలను పట్టుకుపోయింది. ఇది ఏ గడిలోనూ రాసుకోవడానికి వీలులేని నష్టం.

అందుకని అయిదో వారం నుంచి రెండు మార్పులు చేశాను. తొలి ప్రతిని చేత్తో రాయడం మొదలుపెట్టాను, టైపు చేయడాన్నీ మరమ్మతునూ శనివారానికి, అదీ రెండు గంటలకు, పరిమితం చేశాను. ఉదయం బల్ల మీద తెర ఉండదు. కాబట్టి తప్పు దొర్లితే దిద్దాలన్న తహతహ కూడా ఉండదు, ఒక గీత కొట్టి ముందుకు పోవడమే. చేత్తో రాయాలంటే బల్ల మీద చదునుగా తెరుచుకునే పుస్తకం కావాలి. దొరికేవన్నీ మధ్యలో పైకి లేచి, ఎడమ పేజీ రాస్తుంటే మణికట్టును తోసేస్తున్నాయి. అప్పటికే మూడో వారంలో సరదాగా ఒక పుస్తకం కుట్టి ఉన్నాను గనక, ఆ సరదాను పనిలో పెట్టాను.

నా కొలతలు ఇవి. ఏ4 కాగితాన్ని, అంటే 210, 297 మిల్లీమీటర్ల కాగితాన్ని, సగానికి మడిస్తే ఏ5 పేజీలు నాలుగు వస్తాయి. నాలుగు కాగితాలు ఒకదానిలో ఒకటి మడిస్తే పదహారు పేజీల విభాగం; అలాంటివి ఆరు కలిపితే తొంభై ఆరు పేజీల పుస్తకం. 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాములు తూగే) ఏ4 కాగితం ఒక్కొక్కటి అయిదు గ్రాములు కాబట్టి అట్టలు లేకుండా పుస్తకం నూట ఇరవై గ్రాములు తూగుతుంది. దారం పొడవుకు, పుస్తకం ఎత్తును విభాగాల సంఖ్యతో గుణించి, మరో ఎత్తు కలుపుకుంటే చాలు: నా కొలతకు దాదాపు మీటరున్నర. దారాన్ని రెండుసార్లు తేనెమైనం మీద లాగితే చిక్కుపడదు, ముడి జారదు.

మొదటి పుస్తకం చెడిపోయింది. పేజీలు మడత దగ్గర పడుకోకుండా విసనకర్రలాగా విచ్చుకుని నిలబడ్డాయి. కారణం కాగితంలోని నారల దిశ. యంత్రం మీద తయారయ్యే కాగితంలో నారలు ఎక్కువగా ఒకే దిక్కుకు వాలి ఉంటాయి. ఆ దిక్కున మడిస్తే సులువుగా మడత పడుతుంది, అడ్డంగా మడిస్తే ఎదురుతిరుగుతుంది. మామూలు ఏ4 కాగితంలో నారలు సాధారణంగా పొడవు వెంబడి ఉంటాయి, ఏ5 కోసం వేసే మడత వాటికి అడ్డంగా పడుతుంది. నారలు పొడవు వెంబడి ఉన్న ఏ3 కాగితాన్ని తెచ్చి సగానికి కోస్తే, వచ్చే ఏ4 ముక్కలో నారలు వెడల్పు వెంబడికి మారి, మడతతో కలిసిపోతాయి. దిశ తెలుసుకోవడానికి అంచున చిన్న ముక్క కత్తిరించి ఒకవైపు తడిపితే చాలు, అది చుట్టుకునే గొట్టం ఏ దిక్కుకు ఉంటే నారలు అటే ఉన్నట్టు. ఆ మొదటి పుస్తకాన్ని పారేయలేదు, ఈ పద్దు రాస్తున్నది అందులోనే.

రెండో పుస్తకంలో కాగితం చిరిగింది. కుట్టు బిగిద్దామని దారాన్ని నా వైపు గుంజాను; దబ్బనంతో పొడిచిన రంధ్రం మడత వెంట అర అంగుళం సాగిపోయింది. దారాన్ని ఎప్పుడూ మడతకు సమాంతరంగా, కుట్టు సాగుతున్న దిక్కుకే లాగాలి. చిరిగిన చోట సన్నని కాగితం అతికించి కొనసాగించాను, ఇప్పటికీ యాభై ఏడో పేజీ తిప్పేటప్పుడు వేలికి తగులుతుంది. మూడో దానికి అట్టలు వంగాయి: పైన అంటించిన గుడ్డ తడి ఆరుతూ అట్టను తన వైపు లాగింది. లోపలి వైపు కూడా కాగితం అంటించి, రాత్రంతా నిఘంటువుల బరువు కింద పెడితే రెండు లాగుళ్లూ సమమై అట్ట చదునుగా నిలిచింది.

చికాకుల పద్దులో మరో శీర్షిక ఉంది: ‘అయిదు నిమిషాలు’. రాసేవాడి చేత రాయించుకునే హక్కు చుట్టాలందరికీ ఉంటుంది. దరఖాస్తులు, సన్మాన పత్రాలు, ఒక రాజీనామా లేఖ కలిపి పన్నెండు వారాల్లో పదకొండు వచ్చాయి. మొత్తం తొమ్మిది గంటలు. “నీకిదొక లెక్కా? అయిదు నిమిషాల్లో గిలికెయ్యవా” అంటూ బాబాయి తన పదవీ విరమణ సభలో చదవవలసిన ప్రసంగం అడిగారు. గంటా యాభై నిమిషాలు పట్టింది. సభలో ఆయన అది జేబులోనే ఉంచుకుని తోచింది మాట్లాడారట, అదే బాగుందని పిన్ని చెప్పింది. ఇప్పుడు ఇలాంటివన్నీ శనివారం టైపు అయ్యాకే చేస్తానని ముందే చెబుతున్నాను. సగం మంది ఆలోపల వాళ్లే రాసుకుంటున్నారు.

పన్నెండో వారం ముగిసేసరికి ఉదయం కొత్త వాక్యాల సమయం సగటున యాభై ఒక్క నిమిషాలకు చేరింది. చేతిరాత పేజీలు నూట పద్దెనిమిది: రెండో పుస్తకం నిండి, మూడో దానిలో ఇరవై రెండు. మాటల లెక్క పెట్టడం మానేశాను. ఉద్యోగంలో మూలంలోని ఇంగ్లీషు మాటలను లెక్కగడతారు, అక్కడ అది తప్పదు. కానీ ‘రాయలేకపోతున్నానన్నాడు’ అనేది ఒకే మాటగా పడే భాషలో నా ఉదయాన్ని మాటలతో కొలిస్తే రోజూ ఓడిపోయినట్టే ఉంటుంది. పేజీలే నయం. ‘బడింది’లు మాత్రం ఇంకా వస్తున్నాయి, అయితే చేత్తో రాసేటప్పుడు ఆ మూడు అక్షరాలూ గీయడానికి బద్ధకమేసి, కలం ఆగి, తలుపు తెరిచిన మనిషిని వెతుక్కుంటోంది.

టైపు వెనకబడింది. ఎనిమిది శనివారాల్లో రెండు పోయాయి. మిగిలిన పన్నెండు గంటల్లో డెబ్బై పేజీలే ఎక్కాయి, అంటే నలభై ఎనిమిది పేజీల బాకీ. చేతిరాతకు నకలు లేదన్న భయంతో వారానికొకసారి పేజీలను ఫోనులో ఫోటోలు తీసి రెండు చోట్ల దాస్తున్నాను. నాలుగో పుస్తకానికి పన్నెండు ఏ3 కాగితాలు కోసి, మడిచి, బరువు కింద పెట్టాను. బాకీ ముప్పై పేజీలకు దిగేదాకా దారానికి మైనం పట్టించను.