మెదడులో బ్లాక్: గుండె నుంచి వచ్చిందా, అక్కడే పుట్టిందా?

పక్షవాతం కేసుల రిపోర్టులు చాలావాటిలో "ఎడమ ఎంసీఏ టెరిటరీలో ఇన్‌ఫార్క్ట్" అని రాసి వదిలేస్తారు. అంటే మెదడు పక్క భాగానికి రక్తమిచ్చే పెద్ద నాళం (ఎంసీఏ) పరిధిలో రక్తం అందక కణజాలం చచ్చిపోయిందని. దెబ్బ ఎక్కడ తగిలిందో దాన్నిబట్టి తెలుస్తుంది. నాళం ఎందుకు మూసుకుపోయిందో మాత్రం తెలియదు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు క్రమం తప్పి కొట్టుకోవడం) వల్ల గుండెలోంచి వచ్చిన రక్తపు గడ్డ అయితే, రక్తం గడ్డ కట్టకుండా ఆపే ఎపిక్సబాన్ లాంటి మందు కావాలి. మెదడులోని నాళం గోడకే కొవ్వు పట్టి బాగా సన్నబడి ఉంటే సాధారణంగా 90 రోజుల దాకా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ ఇచ్చి, ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్‌ను 70 లోపుకి దించుతారు. ఈ రెండో రకం మన దేశంలోనూ తూర్పు ఆసియాలోనూ ఎక్కువ. అందుకే మన దగ్గర ఎవరికి స్ట్రోక్ వచ్చినా దీన్ని గుర్తు పెట్టుకోవాలి.

మొదట తీసేది మామూలు సీటీ. మెదడులో రక్తస్రావం లేదని తేలాక ఎంసీఏ మొదలు దగ్గర తెల్లటి గీత ఉందేమో చూడాలి; అది గడ్డ కావచ్చు. స్లైస్ 5 మి.మీ. మందం ఉంటే సన్నటి గడ్డ చుట్టూ ఉన్న కణజాలంలో కలిసిపోయి కనబడదు. 1 మి.మీ. స్లైసులు వేరుగా తెరిచి చూడాలి. రెండు వైపులా నాళాలు తెల్లగానే ఉంటే అది గడ్డ కాకపోవచ్చు. హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) ఎక్కువున్నవాళ్లకి అన్ని నాళాలూ అలాగే మెరుస్తాయి.

తర్వాత సీటీ యాంజియో, అంటే రంగుమందు (కాంట్రాస్ట్) ఎక్కించి రక్తనాళాలు చూసే సీటీ. దీన్ని అయోర్టా ఆర్చ్ (గుండె పైన వంపు తిరిగే పెద్ద ధమని) నుంచి నడినెత్తి దాకా తీయాలి. తలకి మాత్రమే తీస్తే మెడలోంచి మెదడుకి రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమని సంగతి తెలియదు. గుండె నుంచి కొట్టుకొచ్చిన గడ్డ ఎక్కువగా నాళం రెండుగా చీలేచోట ఇరుక్కుంటుంది. కొవ్వు పట్టి మూసుకున్న నాళంలో కొమ్మకి ముందే, కాండం మధ్యలో తెగినట్టుంటుంది, ఆ పైన కొమ్మలు నిండుగా కనిపిస్తాయి. అయితే ఆ కొమ్మలు కనబడాలంటే డిలేడ్ ఫేజ్ (కాంట్రాస్ట్ ఎక్కించాక కాసేపాగి తీసే రెండో విడత చిత్రాలు) కూడా తీయాలి. ఒకే ఫేజ్‌తో వచ్చే మోసం ఇంకోటుంది: కెరోటిడ్ పైచివర గడ్డ ఉంటే కింద కాంట్రాస్ట్ కదలకుండా నిలిచిపోతుంది. మెడలోనే మూసుకుపోయినట్టు భ్రమ కలుగుతుంది. అలా అనుకుని మెడలో స్టెంట్ వేద్దామనుకునేవాళ్లున్నారు. డిలేడ్ ఫేజ్ చూస్తే చాలు, అనుమానం తీరుతుంది.

ఎమ్మారైలో నాకు అన్నిటికంటే నమ్మకమైనది డిఫ్యూజన్ చిత్రాల్లో (కొత్తగా దెబ్బతిన్న చోట్లు మెరిసేవి) కనిపించే చుక్కల పంపిణీ. రెండు వైపులా, లేదా ముందూ వెనకా వేర్వేరు నాళాల పరిధిలో ఒకేసారి చుక్కలుంటే మూలం గుండె, లేదా అయోర్టా. ఒకే వైపు, తెల్లపదార్థంలో ముందు నుంచి వెనక్కి ముత్యాల వరుసలా ఉంటే పైన కెరోటిడో ఎంసీఏనో సన్నబడి ప్రవాహం తగ్గిందని అర్థం. లోతులో 2 సెం.మీ. లోపు ఒక్క మచ్చే ఉంటే సన్ననాళం జబ్బు అనేస్తారు, కానీ తొందరపడొద్దు. పాన్స్‌లో (మెదడు కాండంలో మధ్య భాగం) ఆ మచ్చ ముందు అంచును తాకుతుంటే దాని ముందు నుంచి వెళ్లే బాసిలార్ ధమని గోడలోని కొవ్వు చిన్న కొమ్మ నోటిని మూసేసి ఉండొచ్చు.

ఎస్‌డబ్ల్యూఐ అనే, రక్తాన్ని నల్లగా చూపే ఎమ్మారై చిత్రంలో గడ్డ నల్లగా ఉబ్బి కనబడితే అందులో ఎర్రకణాలు ఎక్కువున్నాయని అర్థం. అంతమాత్రాన గుండెదేనని తీర్పు చెప్పలేం. నాళం గోడలోని కాల్షియం కూడా నల్లగానే కనిపిస్తుంది. రెండిటినీ వేరుచేయడానికి, ఎస్‌డబ్ల్యూఐతో పాటే వచ్చే ఫేజ్ చిత్రాన్నో, సీటీనో పక్కన పెట్టుకోవాలి.

మెడనొప్పితో వచ్చిన వయసులోవాళ్లకి ఫ్యాట్-సప్రెస్డ్ టీ1 (చుట్టూ ఉన్న కొవ్వు మెరుపును అణచి తీసే ఎమ్మారై చిత్రం) అడగాలి. నాళం గోడ చీలి ఉంటే తెల్లటి నెలవంక కనిపిస్తుంది. మొదటి ఒకట్రెండు రోజుల్లో ఆ రక్తం ఇంకా తెల్లబడకపోవచ్చు, స్కాన్ నార్మల్‌గా వస్తుంది. అనుమానం గట్టిగా ఉంటే కొన్ని రోజుల తర్వాత మళ్లీ తీయాలి. గోడ ఒక పక్కే మందంగా ఉంటే కొవ్వు, చుట్టూ సమానంగా మందమై మెరుస్తుంటే వాస్కులైటిస్ (నాళం గోడ వాపు) అనుమానం.

ఇవన్నీ చూసేదాకా చికిత్స ఆపకూడదు. నాళంలోకి సన్నగొట్టం పంపి గడ్డ లాగేశాక పది ఇరవై నిమిషాలు ఆగి మళ్లీ యాంజియో తీస్తే, నాళం మళ్లీ మూసుకుపోతోందంటే గోడలో కొవ్వుందని అక్కడే బయటపడుతుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్, నాళంలో కొవ్వు రెండూ ఒకే మనిషికి ఉండొచ్చు, కాబట్టి స్కాన్ ఏం చెప్పినా ఈసీజీ, హోల్టర్ (రోజంతా గుండె లయ నమోదు చేసే పరీక్ష) మానకూడదు. ఇంకో డాక్టరు దగ్గరకి వెళ్లేటప్పుడు ఫిల్ములకి బదులు సన్న స్లైసులతో సహా సీడీ అడిగి తీసుకెళ్లండి. డిలేడ్ ఫేజ్ ఫిల్మ్ మీద సాధారణంగా ఉండదు.