చాప్లెయిన్ పోస్టు కోసం రెండు ఇంటర్వ్యూలు

మా చర్చి సంఘంలో పదేళ్లు యూత్ మీటింగులు నడిపినవాణ్ణి. అందుకే కాలేజీలో చాప్లెయిన్, అంటే విద్యార్థుల కష్టసుఖాలు విని తోడుండే మతసేవకుడి పోస్టుకి అప్లై చేసినప్పుడు నాకు టెన్షనేమీ లేదు. పాస్టరు గారి సిఫార్సు ఉత్తరం, పోలీస్ వెరిఫికేషన్, సర్టిఫికెట్లు ఫైల్లో పెట్టుకుని వెళ్లాను.

కమిటీలో ఒక మేడమ్ అడిగారు: "వాళ్ల నాన్న పోయారని ఒక అబ్బాయి మీ గదికొచ్చాడు. క్రైస్తవుడు కాదు. ఏం చేస్తారు?"

"ప్రార్థన చేస్తానండి" అన్నాను ఠక్కున.

"చేయమని అతను అడిగాడా?"

నా దగ్గర జవాబు లేదు. పోస్టూ రాలేదు.

చర్చి నడిపే కాలేజీలో ప్రార్థన తప్పయిందా అని పాస్టరు గారి దగ్గర వాపోయాను. ఆయన ఓదార్చలేదు. ముందు క్లినికల్ పాస్టోరల్ ఎడ్యుకేషన్, అంటే రోగుల మధ్య ఉండి కష్టంలో ఉన్నవాళ్లకి తోడుండటం నేర్చుకునే శిక్షణ, చేసి రమ్మన్నారు. 1925లో అమెరికాలో ఆంటన్ బోయిసెన్ అనే పాస్టరు ఒక మానసిక వైద్యశాలలో ఈ తరహా శిక్షణ మొదలుపెట్టారు. అంతకుముందు ఆయన కూడా అలాంటి ఆసుపత్రిలో రోగిగా ఉన్నవారే. పుస్తకాలతో సరిపెట్టుకోకుండా మనుషుల్ని చదవాలన్నది ఆయన పట్టు.

నన్ను ఆసుపత్రి వార్డులో వేశారు. రోగితో మాట్లాడి వచ్చాక, ఆ సంభాషణంతా మాటకు మాట గుర్తుతెచ్చుకుని రాయాలి. దాన్ని వెర్బేటిమ్ అంటారు. నా మొదటిది చూసి సూపర్‌వైజర్ ఏమీ అనలేదు. పెన్సిల్ చేతికిచ్చి, ఎవరు ఎన్ని లైన్లు మాట్లాడారో లెక్కపెట్టమన్నారు. నావి 31, ఆ పెద్దాయనవి 9. ఆ తొమ్మిదిలో మూడుసార్లు "మావాడు ఫోన్ చేయలేదు" అని ఉంది. నా చేతిరాతే! మూడుసార్లూ నేను బైబిల్ వాక్యం చెప్పాను. కొడుకు సంగతి ఒక్కసారీ అడగలేదు.

బైబిల్లో, అన్నీ పోగొట్టుకున్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు అతని పక్కన నేలమీద మౌనంగా కూర్చున్నారు. నోరు విప్పాకే చెడగొట్టారు. దీనిమీద యూత్‌కి నేనే రెండుసార్లు ప్రసంగం చేశాను కూడా.

రెండో ఇంటర్వ్యూ వేరే కాలేజీలో. ఈసారి రహస్యం గురించి అడిగారు. విద్యార్థి చెప్పింది బయటికి పొక్కకూడదు. కానీ ప్రాణానికి ముప్పున్నా, మైనరు మీద వేధింపులు జరుగుతున్నా దాచకూడదు. ఆ సంగతి మాటలు మొదలవకముందే విద్యార్థికి చెప్పేయాలి. తడబడకుండా చెప్పాను.

చేరిన రెండో వారం ఒకమ్మాయి గుమ్మంలోనే ఆగి, "నేను చర్చికి వెళ్లను సార్, ఫర్వాలేదా?" అంది. "కూర్చోమ్మా" అన్నాను. తలుపు తెరిచే ఉంచాను. ఇరవై నిమిషాలు ఆ అమ్మాయి మాట్లాడలేదు. నా నాలుక చివరిదాకా నాలుగు వాక్యాలొచ్చాయి, మింగేశాను. బెల్ కొట్టాక "రేపు కూడా ఉంటారా సార్?" అంది. తలూపాను.

ఆ రోజు వెర్బేటిమ్ రాసి ఉంటే ఆమెవి 2 లైన్లు, నాది ఒకటి.