హైవేకి పోయిన మా 38 సెంట్లు: నా అనుభవం

మా ఊరు హైవే పక్కనే. రెండు లైన్ల రోడ్డుని నాలుగు లైన్లు చేస్తారన్న మాట ఏళ్ల తరబడి వింటున్నదే కాబట్టి ఎవరం పట్టించుకోలేదు. ఒక రోజు పొద్దున్నే చేనికి వెళ్తే గట్టు మీది వేపచెట్టుకి ఎర్ర పెయింటుతో నంబరు వేసి ఉంది. అక్కడ మొదలైంది టెన్షన్.

నోటీసు ఇంటికే వస్తుందిలే అని కూర్చోవడం నేను చేసిన తప్పు. జాతీయ రహదారుల చట్టం, 1956 ప్రకారం ముందు వచ్చేది 3ఏ నోటిఫికేషన్, అంటే ఈ భూములు తీసుకోబోతున్నాం అన్న ప్రకటన. దాన్ని గెజిట్‌లో, రెండు పేపర్లలో వేస్తారు. పేజీ నిండా చీమల్లాంటి అక్షరాల్లో సర్వే నంబర్లు. మా బాబాయి చూసి ఫోన్ చేసేసరికి, అభ్యంతరం చెప్పడానికి ఇచ్చే 21 రోజుల్లో 9 అయిపోయాయి.

పాత రోడ్డు వంపు తీసేయడానికి మా చేను మధ్యలోంచి గీత గీశారు. కాస్త పక్కకి జరపమని రాసిచ్చాను. పిలిచారు, విన్నారు, కుదరదన్నారు. భూమి తీసుకుంటున్నామని ఖాయం చేసే 3డి గెజిట్ వచ్చాక భూమి కేంద్ర ప్రభుత్వానిదే. ఇక మాట్లాడితే డబ్బు గురించే మాట్లాడాలి.

అసలు గొడవ కొలతల రోజు. సర్వేయరు, వీఆర్వో, రోడ్డువాళ్లు అందరూ వచ్చారు. చేను మూలన తుమ్మ కంపలో మా తాత తవ్వించిన బావి ఉంది. "అది పూడిపోయింది కదండీ" అన్నాడు ఒకాయన, రాయకుండానే. కంప పక్కకి లాగి రాయి వేశాను. ఒక్క క్షణం ఆగి బుడుంగుమంది. అప్పుడు రాశారు. సాయంత్రం చీకటి పడుతుంటే సంతకాలు పెట్టమన్నారు. అందరూ పెట్టేస్తున్నారు. నేను ఫోన్ లైటు వేసి చదివితే 11 మామిడి చెట్లు 8 అయ్యాయి. దిద్దించాకే పెట్టాను. తర్వాత చెట్లకి ధర కట్టేది ఉద్యానశాఖ వాళ్లు, వాళ్ల ముందుకి వెళ్లేది ఈ కాగితమే.

రెండో తలనొప్పి పేరు. నాన్న పోయి నాలుగేళ్లయినా మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) చేయించుకోలేదు, బద్ధకం తప్ప వేరే కారణం లేదు. గెజిట్‌లో నాన్న పేరే వచ్చింది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, భూమి రికార్డులైన 1బి, అడంగల్, పాత లావాదేవీలు చూపించే ఈసీ... వీటికే మూడు నెలలు తిరిగాను. అమ్మ, ఇద్దరు చెల్లెళ్లు, నేను కలిసి వెళ్లి వాటాలు రాసిచ్చాం. వాటాలు తేలని మా పక్క చేనువాళ్ల డబ్బు కోర్టుకి వెళ్లింది, ఇంకా అక్కడే ఉంది.

భూమి ధర, చెట్లు, బావి, వాటి మీద 2013 భూసేకరణ చట్టం ప్రకారం 100 శాతం సొలేషియం (అదనపు పరిహారం) కలిపి అవార్డు, అంటే పరిహారం ఉత్తర్వు వచ్చింది. ధరకి రిజిస్ట్రేషన్ లెక్కలే చూశారు. ఊళ్లో నిజంగా అమ్ముడవుతున్న రేటు ఎవరికీ పట్టలేదు. ఆ డబ్బు చాలని వాళ్లకి అదే రహదారుల చట్టం 3జి(5) కింద ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి దగ్గర విచారణ) ఉంది. మేం ఎనిమిది కుటుంబాల వాళ్లం కలిసి వేశాం. అవార్డు డబ్బు మాత్రం మా ఇంట్లో నలుగురి ఖాతాల్లో పడింది.

రోడ్డు అవతల మాకు ఇంకా 22 సెంట్లు మిగిలింది, బోరేమో ఇవతల ఉంది. రోడ్డు కింద నుంచి పైపు వేసుకోవాలంటే విడిగా పర్మిషన్ కావాలట. ఆ ఫైలు పట్టుకుని మళ్లీ తిరుగుతున్నాను.