గులియన్ బారే సిండ్రోమ్: కాళ్ల నుంచి ఊపిరి దాకా

2025 జనవరిలో పుణెలోని సింహగడ్ రోడ్డు పరిసరాల్లో నరాలను దెబ్బతీసి కండరాలను బలహీనపరిచే గులియన్ బారే సిండ్రోమ్ కేసులు వరుసగా బయటపడినప్పుడు, ఇదేదో కొత్త అంటువ్యాధి అన్న భయం మన దగ్గరా పుట్టింది. నిజానికి ఫ్రెంచి వైద్యులు గులియన్, బారే, స్ట్రోల్ దీనిని 1916లోనే ఇద్దరు సైనికులలో గుర్తించి వివరించారు. ఏటా లక్ష మందిలో ఒకరిద్దరికి వచ్చే ఈ జబ్బు పిల్లలనూ వదలదు గానీ, వయసు పైబడే కొద్దీ, అందులోనూ పురుషులలో, ఎక్కువగా కనిపిస్తుంది.

ఇది ఒకరి నుంచి మరొకరికి అంటుకోదు. అంటుకునేది దీనికి ముందు వచ్చే ఇన్ఫెక్షన్. కలుషితమైన నీటి ద్వారానో, సరిగా ఉడకని కోడిమాంసం ద్వారానో కడుపులో చేరే కాంపిలోబాక్టర్ అనే బ్యాక్టీరియా పైపొరకూ మన నరాలలోని కొన్ని కొవ్వు పదార్థాలకూ పోలిక ఉండటంతో, దాని కోసం తయారైన యాంటీబాడీలు నరాల మీదే దాడి చేస్తాయి. అందుకే విరేచనాలో జలుబో తగ్గిపోయిన ఒకటి రెండు వారాలకు, రోగి దాని సంగతే మరచిపోయాక, అరికాళ్లలో తిమ్మిర్లు మొదలవుతాయి.

తిమ్మిర్లనగానే బి12 సూది వేసి పంపే అలవాటు మనకుంది. చూడవలసింది జబ్బు ముదిరే తీరు: నిన్న మెట్లెక్కిన మనిషి ఈరోజు కింద కూర్చుంటే చేతి ఊతం లేకుండా లేవలేకపోవడం, బలహీనత రెండు కాళ్లలోనూ ఇంచుమించు సమానంగా ఉండటం, మోకాలి చిప్ప కింద సుత్తితో తట్టినా కాలు ఎగరకపోవడం. కొందరికి నడుం నొప్పే ముందు వచ్చి, వాళ్లు ఎముకల డాక్టరు దగ్గరకు వెళ్తారు. ముఖం రెండు వైపులా జారవచ్చు, మింగడం కష్టం కావచ్చు, బీపీ, గుండె వేగం గాడి తప్పవచ్చు. ఎక్కువమందిలో బలహీనత రెండు వారాలలో, దాదాపు అందరిలో నాలుగు వారాలలోపు, పతాక స్థాయికి చేరుతుంది.

నాలుగైదుగురిలో ఒకరికి వెంటిలేటర్ అవసరమవుతుంది. ఇక్కడ వేలికి పెట్టే ఆక్సీమీటర్‌ను నమ్ముకోవడం ప్రమాదం, ఎందుకంటే శ్వాస కండరాలు బాగా అలసిపోయాకే ఆక్సిజన్ అంకె పడిపోతుంది. నిండుగా గాలి పీల్చి ఒక్క ఊపిరిలో అంకెలు పైకి లెక్కపెట్టమంటే, ఇరవై దాకా కూడా వెళ్లలేని మనిషిని ఐసీయూ దగ్గరలో ఉంచాలి.

వెన్నునీటి పరీక్షలో కణాలు పెరగకుండా ప్రొటీన్ పెరగడం ప్రధాన గుర్తే అయినా, మొదటి వారంలో ఆ ఫలితం మామూలుగానే రావచ్చు కనుక దాని కోసం చికిత్స ఆపకూడదు. దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలను ఎక్కించే ఇమ్యూనోగ్లోబ్యులిన్, రక్తంలోని ద్రవాన్ని తీసి మార్చే ప్లాస్మా మార్పిడి రెండూ సమానంగా పనిచేస్తాయి. స్టెరాయిడ్ మాత్రలు పనిచేయవు. చాలామంది మళ్లీ నడుస్తారు గానీ, సుమారు ఐదుగురిలో ఒకరు ఆరు నెలల తర్వాత కూడా ఊతం లేకుండా నడవలేరు.